ఏడాది పట్టికా, రోజుకో అధ్యాయమా? తీరిక లేనివాళ్లకు ఏ బైబిలు పఠనం కుదురుతుంది

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మా శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా సంఘాల్లో రెండు కాగితాలు చేతిలో పెడతారు. ఒకటి ఆ ఏడాదికని ఒక బైబిలు వచనం అచ్చువేసిన వాగ్దాన కార్డు. రెండోది ఏడాదిలో బైబిలంతా పూర్తిచేసే పట్టిక. కార్డు పర్సులోకో ఫోను కవరు వెనక్కో చేరి ఏడాదంతా ఉంటుంది. పట్టిక సంక్రాంతి దాటితే గొప్పే.

భక్తి తక్కువై కాదు, లెక్కే అలా ఉంటుంది. బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదికి సరిపోతాయి. ఆ లెక్కన భోగి వచ్చేసరికి మీరు యోసేపు కథలో ఉంటారు. సరిగ్గా అప్పుడే చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి చుట్టాలు దిగుతారు. క్రైస్తవుల ఇల్లయినా అరిసెలు తప్పవు, పడకలు సర్దడం తప్పదు. నాలుగు రోజులు తప్పితే పన్నెండు అధ్యాయాల బాకీ. హడావుడి తగ్గి మళ్లీ కూర్చునే సరికి నెలాఖరు, పట్టికేమో లేవీయకాండంలో ఉంటుంది. దహనబలులు, చర్మవ్యాధుల పరీక్షలు. తెల్లారి నాలుగున్నరకు లేచి ఫ్యాక్టరీ బస్సు పట్టుకునే మనిషి అక్కడ ఆగిపోతే ఆశ్చర్యం ఏముంది?

అందుకే ఫలానా ప్లాన్ మంచిదని ముందే తేల్చేయకుండా రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. రోజులో నిజంగా మీ చేతిలో ఉండే సమయం ఏది? ఒకరోజు తప్పితే ఆ ప్లాన్ మిమ్మల్ని మళ్లీ కలుపుకుంటుందా, బాకీదారుణ్ణి చేస్తుందా? నా మటుకు రెండో ప్రశ్నే ముఖ్యం. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, విజయనగరం నుంచి విశాఖకు రోజూ రైల్లో తిరిగేవాళ్లు, బడికి రెండు బస్సులు మారే టీచర్లు, పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే ఆడవాళ్లు, వీళ్లెవరికీ తప్పని రోజులుండవు.

ఎంత చదవాలి?

ముందు ఏడాది పట్టిక సంగతే తేల్చేద్దాం. అది చెడ్డదేమీ కాదు. మూడు అధ్యాయాలంటే నిదానంగా చదివేవారికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. రోజూ అంత సమయం ఖాయంగా దొరికేవాళ్లు, కొత్త నిబంధన ఒకసారైనా పూర్తిచేసినవాళ్లు దీన్ని ధైర్యంగా పట్టుకోవచ్చు. దీనివల్ల దక్కేది ఇంకెందులోనూ దక్కదు. హెబ్రీ పత్రికలో ప్రధాన యాజకుడి ప్రస్తావన వచ్చినప్పుడు లేవీయకాండం 16వ అధ్యాయం మనసులో ఉంటే ఆ పేజీ వేరేగా కనిపిస్తుంది. రిటైరైనవాళ్లకు, పిల్లలు పెద్దవాళ్లైపోయిన తల్లిదండ్రులకు ఇది బాగా నప్పుతుంది. కొత్తగా అలవాటు చేసుకునేవారికి మాత్రం రెండో ఏటి పని.

దీనికే ఇంకో రూపం ఉంది. స్కాట్లాండులోని డండీ పట్టణంలో పాస్టరుగా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం ఒక పట్టిక రాశాడు. రోజుకు నాలుగు అధ్యాయాలు, నాలుగూ వేర్వేరు చోట్ల నుంచి. రెండు కుటుంబ ప్రార్థనలో, రెండు ఏకాంతంలో. ఏడాది తిరిగేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు అవుతాయి. ఇందులో సుఖం ఏమిటంటే, ఒకచోట వంశావళి వచ్చినా అదే రోజు ఇంకోచోట సువార్త ఉంటుంది, విసుగు రాదు. కష్టం కూడా అక్కడే. నాలుగు కథలు ఒకేసారి నడుస్తుంటే, మధ్యలో రెండు రోజులు తప్పినవాడికి ఏ కథ ఎక్కడ ఆగిందో తెలియదు. రోజుకు రెండే తీసుకుని రెండేళ్లలో పూర్తిచేసేవాళ్లున్నారు, అది కాస్త నయం. నాకు ఇష్టమైన పట్టికే గానీ, మొదటిసారి మొదలుపెట్టేవారికి చెప్పను.

ఇక నేను ఎక్కువమందికి చెప్పేది. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొక్కటి చదివితే సరిగ్గా 52 వారాలు. శని, ఆదివారాలు ఖాళీ. వారంలో ఏదైనా తప్పితే శనివారం చదువుకోవచ్చు. ఆదివారం ఎలాగూ మందిరంలో వాక్యం వింటారు. తప్పిపోవడానికి కూడా పట్టికలోనే చోటు పెట్టినట్టు ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్ వచ్చినా, ధాన్యం కోతలు వచ్చినా, స్కూల్లో పరీక్షలు వచ్చినా కూలిపోదు. రోజుకు ఏడెనిమిది నిమిషాలు. లూకా మొదటి అధ్యాయం లాంటివి వస్తే (80 వచనాలు) రెండు రోజులకు పంచుకోండి, ఎవరూ అడగరు.

ఏడాది మాట వింటేనే టెన్షన్ వచ్చేవాళ్లకు, యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో ఒక్కటి చాలు. మార్కు తీసుకోండి. 16 అధ్యాయాలు, నాలుగింటిలో చిన్నది, పరుగెత్తించే కథ. మొదటి అధ్యాయంలోనే బాప్తిస్మం, శోధన, శిష్యుల పిలుపు, కపెర్నహూములో స్వస్థతలు అన్నీ అయిపోతాయి. రోజుకొక్కటి చదివితే మూడు వారాల లోపే అవుతుంది. ఒక పుస్తకం పూర్తిచేశామన్న తృప్తి తొందరగా వస్తే అలవాటు నిలబడుతుంది. ఈ పద్ధతికి మన పక్క ఊరి చరిత్రే తోడుంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇద్దరూ, క్రైస్తవుడిగా మారిన ఆనందరాయర్ సాయంతో బైబిలును తెలుగు చేయడానికి పూనుకున్నప్పుడు ముందు చేతికెత్తుకున్నది సువార్తలే. మొత్తం బైబిలు తెలుగులో రావడానికి ఆ తర్వాత దశాబ్దాలు పట్టింది. చదివేవాడు తొందరపడటం ఎందుకు?

సామెతలు తేదీ లెక్కన చదవడం పాత అలవాటే. 31 అధ్యాయాలు, ఈరోజు తేదీ ఎంతో ఆ అధ్యాయం. గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు, వారం తప్పినా నేరుగా ఈరోజు తేదీకి వచ్చేయొచ్చు. బాకీ అన్నదే ఉండదు. (31వ అధ్యాయం మాత్రం ఏడాదికి ఏడుసార్లే వస్తుంది. గుణవతియైన భార్య గురించిన అధ్యాయం, ఆ మాత్రం విరామం ఆడవాళ్లకు మంచిదే.) కీర్తనలు రోజుకొకటి చొప్పున ఐదు నెలలు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి బుర్ర పనిచేయని వేళకు కీర్తనలకు మించింది లేదు. 119వ కీర్తన దగ్గర భయపడొద్దు, 176 వచనాలు ఎనిమిదేసి చొప్పున 22 భాగాలుగా విడగొట్టే ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి ఈ రెండే చదివితే, బైబిల్లో మనకు ఊరటనిచ్చే మాటలే ఏరుకునే అలవాటు పడుతుంది. వీటిని పక్కన పెట్టుకోండి, కంచంలో కూరలా. అన్నం సువార్తలే.

వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే పూల బొమ్మ మీద వచనం? పంపినవారికి వందనాలు చెప్పండి. అది చదవడం కిందికి రాదు.

ఎప్పుడు చదవాలి?

తెల్లవారుజామున నాలుగింటికి లేవని విశ్వాసి విశ్వాసే కాదన్నట్టు చెప్పే ప్రసంగాలు వింటుంటాం. ప్రభువు పెందలకడే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది, నిజమే. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించడానికి బయలుదేరాడని ఆదికాండం 24:63లో కూడా ఉంది. పొద్దున నిద్ర చాలక తూగుతూ తిప్పే నాలుగు పేజీల కన్నా, సాయంత్రం మెలకువగా చదివే ఒక్కటి మేలని నా అభిప్రాయం.

షిఫ్టుల్లో పనిచేసేవారి సంగతి వేరు. ఒక వారం 'ఎ' షిఫ్ట్ పొద్దున ఆరింటికి, వచ్చే వారం బీ షిఫ్ట్ మధ్యాహ్నం రెండింటికి, ఆపై సీ షిఫ్ట్ రాత్రి పదింటికి. వీళ్లు గడియారం చూసి టైమ్ పెట్టుకుంటే వారానికోసారి అలవాటు చెదిరిపోతుంది. అందుకే ఏ షిఫ్టైనా మారని పనికి ముడిపెట్టాలి. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక, కంచం ముందు కూర్చోకముందు. లేదా కంపెనీ బస్సులో సీటు దొరికిన వెంటనే, రణస్థలం దాటే లోపు. ఫోను గేటు దగ్గరే పెట్టేయాల్సిన కంపెనీల్లో పనిచేసేవారు చొక్కా జేబులో పట్టే చిన్న కొత్త నిబంధన ఒకటి బస్సు కోసం ఉంచుకుంటే మంచిది.

చిన్నపిల్లల తల్లులకు పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఎవరూ ఏమీ చెప్పకపోవడమే న్యాయం. క్యారేజీలు కట్టి, జడలు వేసి, పిల్లల్ని బడి ఆటో ఎక్కించి వెనక్కి తిరిగిన క్షణం ఉంటుంది చూడండి, గిన్నెల దగ్గరికి వెళ్లేముందు, అదే వాళ్ల సమయం. గిన్నెలు ముందు మొదలుపెడితే ఇక మధ్యాహ్నమే.

విజయనగరం నుంచి విశాఖకు అరవై కిలోమీటర్ల చిల్లర. ప్యాసింజరులో గంట పైనే. రోజూ తిరిగేవారికి ఇంతకన్నా మంచి సమయం ఇంట్లో దొరకదు. సీటు దొరకని రోజు నిలబడి చదవడం కష్టం, ఆరోజుకి ఆడియో.

పుస్తకమా, ఫోనా, చెవిలోనా?

మన ఇళ్లలో బైబిలు ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. జిప్ కవరు. లోపల బైబిలుతో పాటు పాటల పుస్తకం, కానుక కవర్లు, కళ్లజోడు, రెండు పెన్నులు, పోయిన ఈస్టర్ కరపత్రం, ఎవరిదో పెళ్లి కార్డు. ఆ మూట హ్యాండ్‌బ్యాగులోకి వెళ్తుంది, హ్యాండ్‌బ్యాగు బీరువాలోకి వెళ్తుంది. మళ్లీ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బయటకొస్తుంది. రోజూ చదవాలంటే ఇంకో బైబిలు కావాలి. కవరు లేనిది, పెద్దక్షరాలది, మీరు కూర్చునే చోటే తెరిచి ఉండేది. దాని మీద కూరగాయల సంచి పెట్టకుండా ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పాలి, అది వేరే పోరాటం.

అచ్చు పుస్తకంలో గీతలు గీసుకోవచ్చు, ఆ వచనం పేజీలో ఎడమవైపు పైన ఉందని కంటికి గుర్తుంటుంది. కరెంటుతో పనిలేదు. ఇది చిన్న విషయం అనుకునేవారు మా శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం వాళ్లను అడగండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక అక్కడ చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు.

ఫోను గుణం ఎప్పుడూ చేతిలో ఉండటం, దోషమూ అదే. యూవర్షన్, బైబిల్ డాట్ ఇజ్ లాంటి యాప్‌లలో తెలుగు బైబిలు ఉచితంగా దొరుకుతుంది. వేరే వేరే అనువాదాలు పక్కపక్కన చూసుకోవచ్చు. మందిరంలో చదివే పాత అనువాదం చెవికి అలవాటైనదే అయినా, ప్రవక్తల పుస్తకాల దగ్గర భాష గట్టిగా తగిలితే సులభమైన తెలుగులో వచ్చినవి తీయడంలో తప్పేం లేదు. కానీ యాప్ తెరిచాక పైన వాట్సాప్ గీత దిగితే? రెండో కీర్తన దాకా వచ్చి బంధువుల గ్రూపులోకి వెళ్లినవారు మళ్లీ రారు. ఫోన్లో చదివేవాళ్లు డేటా ఆపేసి చదవాలి. రైల్లో సిగ్నల్ పోయే చోట్లు ఎలాగూ ఉంటాయి, చదవాల్సిందీ వినాల్సిందీ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఆడియోను కొందరు తక్కువగా చూస్తారు. అది సరికాదు. చదువు రాని మన అమ్మమ్మల తరం విని విని అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి చెప్పేది. జీడిపిక్కల దగ్గర కూర్చుని చేతులు ఖాళీ లేనివారికి, చూపు మందగించినవారికి ఇదే దారి. అయితే ఏది వినాలన్నది చూసుకోవాలి. ఆదికాండం, సమూయేలు గ్రంథాలు, అపొస్తలుల కార్యములు లాంటి కథలు వింటే చక్కగా ఎక్కుతాయి. రోమా పత్రిక మాత్రం చెవిలోంచి వెళ్లిపోతుంది, ఒక వాక్యం దగ్గర ఆగి వెనక్కి వెళ్లాలి కదా, అది కంటితోనే కుదురుతుంది. బండి నడుపుతూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. హైవే మీద లారీ హారన్ వినబడాలి.

ఒంటరిగానా, నలుగురితోనా?

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన ఒక పెద్ద అధికారి రథంలో ప్రయాణం చేస్తూ యెషయా గ్రంథం చదువుతుంటాడు. ఫిలిప్పు పక్కనే పరుగెత్తుతూ ఆ చదువు విని, చదివేది అర్థమవుతోందా అని అడుగుతాడు. ఎవరూ చెప్పకపోతే ఎలా అర్థమవుతుంది, ఎక్కి కూర్చోమంటాడు ఆయన. తీరిక లేని ఉద్యోగి, ప్రయాణంలో పఠనం, పక్కన ఇంకో మనిషి. మన ప్యాసింజరు రైలుకి అచ్చంగా సరిపోయే సంగతి. ఆడవాళ్ల పెట్టెలో ఇలాంటి మాటలు వినబడుతూనే ఉంటాయి.

"ఏటమ్మా, పరీచ్చకి సదువుతన్నావా?"

"కాదు పిన్నీ, బైబిలు."

"అయితే కాసింత గట్టిగా సదువు, నాకూ ఇనబడతాది. కళ్లజోడు ఇంటికాడ ఒగ్గేసినాను."

పెద్ద వాట్సాప్ గ్రూపు పెట్టి, చదివినవాళ్లు బొటనవేలు బొమ్మ పెట్టండి అనే పద్ధతి మొదటి పది రోజులు జోరుగా ఉంటుంది. తర్వాత చదవకుండానే వేలు పడుతుంది. యాభైమంది గ్రూపు కన్నా ఒక్క మనిషి తోడు బలమైనది. ఒకే అధ్యాయం ఇద్దరూ చదివి, రాత్రికి ఒక ప్రశ్న పంపుకోవాలి. అర్థమైన మాట కాదు, అర్థం కాని మాట. ప్రశ్న రావాలంటే చదివి తీరాలి, అదే దీనిలో కిటుకు. అర్థం కానివి పోగుపడితే శుక్రవారం ఉపవాస కూటంలో పాస్టరు గారిని అడగొచ్చు. చాలామంది పాస్టరు గార్లు ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు.

ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉన్నవాళ్లు దాన్నే పఠనంగా మార్చుకోవచ్చు. పది, పదిహేను వచనాలు, ఒక్కొక్కరు రెండేసి చదవడం. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు ఒత్తుల దగ్గర తడబడతారు. నాన్న కసురుకుంటే మర్నాటి నుంచి ప్రార్థన వేళకి నిద్ర నటిస్తారు. ఓపికపడితే ఏడాదిలో తెలుగు చదవడం కూడా వస్తుంది.

ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) సంఘాల వారికి ఎంపిక పని సగం తప్పినట్టే. పూజలో ఏ రోజు ఏ పఠనమో ముందే ఖరారై ఉంటుంది. మామూలు రోజులకు రెండేళ్ల చక్రం, ఆదివారాలకు మూడేళ్ల చక్రం. పూజకు వెళ్లలేని రోజు ఆ పఠనాలు ఇంట్లో చదివితే సంఘంతో కలిసి చదివినట్టే.

తప్పినప్పుడు

ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటవుతుందని వేదికల మీద చెప్పేస్తుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో ప్రచురించిన పరిశీలనలో అలవాటు స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఇంకో మాట కూడా తేలింది, మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పాడవలేదు. కాబట్టి యాప్‌లో వరసగా ఇన్ని రోజులు అని చూపించే అంకె సున్నాకి పడిపోయిందని బైబిలు మూసేయకండి. ఆ అంకె కనబడకుండా చేసుకోగలిగితే ఇంకా మంచిది.

తప్పిన రోజు భాగాన్ని ఎప్పుడూ అప్పుగా లెక్కకట్టొద్దు. కథ తెగిపోయేదైతే (సువార్త, రాజుల గ్రంథాలు) ఆగినచోట నుంచే చదవండి, పట్టిక తేదీలు పెన్సిలుతో దిద్దుకోండి. సామెతలు, కీర్తనలైతే ఈరోజుకి వచ్చేయండి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఆసుపత్రి వరండాలో గడిపే వారాలు వస్తాయి. అప్పుడు 117వ కీర్తన ఒక్కటే చదివినా చదివినట్టే, రెండే వచనాలు.

మొదలుపెట్టడానికి జనవరి అక్కర్లేదు, సోమవారమూ అక్కర్లేదు. షిఫ్టు మారే వారం, ఊరికి వెళ్లే వారం మాత్రం వద్దు. మార్కుతో మొదలుపెట్టండి. అది అయ్యాక ఏం చదవాలని సంఘంలో పెద్దలను అడిగితే రోమా పత్రిక అంటారు. వందనాలు చెప్పి, అపొస్తలుల కార్యములు తీయండి. రోమాకి ఎలాగూ 28వ అధ్యాయంలో పౌలే తీసుకెళ్తాడు.